అరవై రెండు చుట్లు

పరకాల రోడ్డు మీద మాది మోటర్ వైండింగ్ దుకాణం.
మా ఆయన ఓదెలు
ఒక్కో కాయిల్‌కు అరవై రెండు చుట్లు సుడతడు.
ఒక్కటి తక్కువ వడ్డదని అనుమానమొస్తె
మొత్తం విప్పి మల్ల సుడతడు.
బాయికాడ మోటర్ కాలితె
రైతు తిట్టేది నన్నే అంటడు.

అసొంటి మనిషి
దసరా అయినంక ఒకనాడు
అద్దం ముంగట నిలవడ్డడు.
చెవుల మీద తెలుపు.
"వొంట్ల రాగి తక్కువైతెనే జుట్టు నెరుస్తదట"
ఎవలు జెప్పిన్రంటె
ఫోను నా ముక్కుకు ఆనిచ్చిండు.

ఆ రాత్రి షటర్ సగం దించి
కాలిన స్టార్టర్ల నడుమ గాజు గ్లాసు వెట్టిండు.
బ్యాటరీల దుకాణంల కొన్న డిస్టిల్డ్ వాటర్,
రెండు వైండింగ్ తీగలు,
తొమ్మిది వోల్టుల బ్యాటరీలు మూడు.
తీగల మీది ఎనామిల్ బ్లేడుతోని గీకిండు.
గీకిన పొట్టుల సగం
గ్లాసులనే వడ్డది, నేను జూసిన.

గంటైంది. నీళ్ళు నీళ్ళ తీరుగనే ఉన్నయి.
ఇంకో గంట.
ఓపిక వట్టక
నా ఉప్పు డబ్బలకెల్లి చిటికెడు తీస్కపోయిండు.

అప్పుడు లేసింది గ్లాసుల పొగ.
ముందుగాల పసుప్పచ్చ, ఎనుకసీరి ఆకుపచ్చ,
తెల్లారేసరికి నీలం.
పండుగ నాడు ఎంత తిరిగినా కనవడని పాలపిట్ట
మా గ్లాసుల వాలినట్టు.
"జూడు, ఎట్ల మెరుస్తున్నదో!"

నాకు మా నాయిన యాదికొచ్చిండు.

మా నాయిన కళాయి వోసెటోడు.
తిత్తి భుజానేస్కొని
ములుగు దాక నడిసెటోడు.
గిన్నె కాలినంక నవసాగరం సల్లి, తగరం తాకిచ్చి,
దూదితోని ఒక్క రుద్దుడు,
ఎర్రటి గిన్నె లోపల తెల్లగ తెల్లారేది.
"రాగి మంచిదే బిడ్డా,
పులుపు తాకినా ఉప్పు తాకినా పగవడతది.
చిలుము ముట్టిన చెయ్యి కడుక్కోనిదే
బువ్వ ముట్టకు" అనెటోడు.
బతుకంత ఆయన జేసిన పని
రాగికి, మనిషి కడుపుకు నడుమ
గోరంత మందం గోడ కట్టుడే.
ఆయన అల్లుడు ఆ గోడ దుంకి
చిలుమును వడగట్టుకొని తాగిండు.

రెండోనాడు
నాలుక మీద పాత పైస వెట్టినట్టున్నదన్నడు.
మందు పట్టవట్టిందన్నడు.
నాలుగోనాడు పొద్దుగాల
మోటర్ దెచ్చిన కొమురెల్లి ముంగటనే
కడుపు వట్టుకొని కక్కిండు.
బల్ల మీది సీస జూసి కొమురెల్లి,
"గిదేందక్కా, మిరప తోటకు కొట్టే
మైలుతుత్తం నీళ్ళ లెక్కున్నది?"

ఎంజీఎంల చిన్న డాక్టరమ్మ
సీసను కిటికీకి ఎదురువట్టి అడిగింది:
"ఇందుల రాగి ఎంతున్నది?"
ఈయన సప్పుడు లేదు.
"రోజుకెంత తాగినవు?"
"గ్లాసెడు... ఒకనాడు గ్లాసున్నర."
"కరెంటు ఎంత వోయింది, ఎంత కరిగింది,
ఏం జేరి ఏమైందో
నీకు తెల్వది, నాకు తెల్వది.
ముందుగాల నీ కార్జానికి తెలుస్తది."
సూది గుచ్చి రెండు గొట్టాల రత్తం తీసింది.
చుట్లు లెక్కవెట్టె మనిషి
తలకాయ వంచుకొని
గచ్చు మీది బండలు లెక్కవెట్టిండు.

రిపోర్టు జూసి, బతికిపోయినవన్నది,
నెల దినాలకు మల్ల రమ్మన్నది.

ఇంట్ల మిగిలిన అర సీసను ఏం జెయ్యాలె?
మోరిల వోస్తె చెరువుల చేపలకు,
చెట్టుకు వోస్తె యేర్లకు.
మూత మీద టేపు సుట్టి
వార్నిష్ కుంచెతోని "తాగొద్దు" అని రాసి
పై అరల వెట్టిన.
అచ్చరాలు వంకర వొయినయి.

మొన్నటి సంది మల్ల గద్దె మీద కూసున్నడు.
నేను తీగ అందిస్త, ఆయన సుడతడు.
ఇదివరకు మనసుల లెక్కవెట్టెటోడు,
ఇప్పుడు బయటికే.
ముప్పై తొమ్మిది, నలభై...
చెయ్యి ఆగింది.
నా దిక్కు జూడకుంట మెల్లగ అడిగిండు:
"ఉప్పెయ్యకపోతె మంచిగనే అవుతుండెనా?"

పై అరల నీలం కదలకుంట ఉన్నది.

"నలభై ఒకటి" అన్న నేను.